పొద్దున్నే అప్పగిస్తున్నాను, పదింటికల్లా మళ్ళీ నా నెత్తినే

ప్రశ్న: అక్కా, ప్రభువు నామంలో వందనాలు. మాది గుణుపురం. తెలుగువాళ్ళమే, మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. నేనూ మా ఆయనా కలిసి చిన్న టిఫిన్ కొట్టు నడుపుతున్నాం. రోజూ నాలుగింటికి లేచి మోకరిస్తాను. వారానికి మూడు రోజులు ఉపవాసం. సంపాదనలో పదో వంతు దేవునికిచ్చే దశమ భాగం ఎప్పుడూ తప్పలేదు. అయినా దేవుడు నామీద ఇష్టంగా ఉన్నాడన్న ధైర్యం లేదు. కిందటేడు మా అబ్బాయిని బరంపురంలో డిప్లొమాలో చేర్చడానికి గ్రూపులో నలభై వేలు లోన్ తీసుకున్నాను. మా ఆయనకు చెప్పలేదు, మా అన్నయ్య సర్దాడని అన్నాను. ప్రతి మంగళవారం కిస్తీ. సోమవారం రాత్రి నుంచే గుండె దడ. పొద్దున ప్రార్థనలో అన్నీ దేవుని పాదాల దగ్గర పెట్టేస్తాను, పదింటికల్లా మళ్ళీ అన్నీ నా నెత్తినే ఉంటాయి. మా సంఘంలో ఒక సిస్టర్‌కి ఈ టెన్షన్ గురించి చెప్పుకుంటే, "నీలో పూర్తి సమర్పణ లేదు, అందుకే దేవుడు నీయందు సంతోషించడం లేదు" అంది. అప్పటి నుంచి ఉపవాసాలు పెంచాను. మొన్న పెనం దగ్గర కళ్ళు తిరిగి పడబోతే మా అమ్మాయి పట్టుకుంది. మా ఆయన మంచివాడే, తాగుడు లేదు, కోపం మాత్రం ఎక్కువ. దేవునికి ఇష్టురాలిగా ఉండాలంటే నేనింకా ఏం చేయాలి?
(పేరు రాయవద్దన్నారు.)

సమాధానం: చెల్లెమ్మా, వందనాలు. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన చెయ్యి కదా, మీ ఉత్తరం చదువుతూనే ఒక మాట కింద ఎర్ర గీత గీశాను. తప్పుందని కాదు. మీ కష్టమంతా ఆ మాటలోనే ఉందనిపించింది. "నేనింకా ఏం చేయాలి" అన్నారు చూశారా, అందులో "ఇంకా" అన్న మాట.

మంగళవారం మీ వీధిలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. పర్లాకిమిడిలో మా వీధిలోనూ అంతే. ఎవరింటి అరుగు మీదో చాప వేస్తారు, కిస్తీ వసూలుకు వచ్చే సారు బండి దిగి పుస్తకం తెరుస్తారు, గ్రూపులో అందరూ వచ్చేదాకా ఎవరూ లేవకూడదు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు వేసుకోవాలి. ఈ వారం కట్టేశాం కదా అని ఊపిరి పీల్చుకునేలోపే వచ్చే మంగళవారం కనిపిస్తుంది. ఏడాదిగా అలా బతుకుతున్నారు. తప్పు పట్టడం లేదు గానీ, మీకు తెలియకుండానే దేవుణ్ణి కూడా ఆ చాప మీద కూర్చోబెట్టేశారు. నాలుగింటి ప్రార్థన ఒక కిస్తీ, ఉపవాసం ఒక కిస్తీ, దశమ భాగం ఒక కిస్తీ. అన్నీ కట్టినా బాకీ తీరలేదంటున్నారు. ఆ సిస్టర్ వచ్చి "ఇంకా ఉంది" అనేసరికి వడ్డీ పెరిగినట్టయింది.

బాకీలు వసూలు చేసేవాడికి మన డబ్బు అందితే సంతోషం, మనం కాదు. దేవుని సంగతి అలా లేదు. యేసుప్రభువు యొర్దానులో బాప్తిస్మం తీసుకుని నీళ్ళలోంచి ఒడ్డుకు వచ్చినప్పుడు ఆకాశం నుంచి వచ్చిన మాట మీకు నోటికి వచ్చే ఉంటుంది: "ఇదిగో ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను." అప్పటికి ఆయన చేసిందేమిటి? ఒక్క రోగిని బాగుచేసినట్టు గానీ, ఒక్క ప్రసంగం చెప్పినట్టు గానీ సువార్తల్లో లేదు. నలభై రోజుల ఉపవాసం కూడా ఆ తర్వాతి అధ్యాయంలోనే. లూకా లెక్కన దాదాపు ముప్పై ఏళ్ళు. ఆ ఏళ్ళలో చాలావరకు నజరేతులో వడ్రంగి పని. ఆ రంపపు పొట్టు మధ్య గడిచిన ఏళ్ళ మీద తండ్రి పలికిన మాట అది. మీ కొట్టులో పిండి మరకల మధ్య గడిచే రోజును ఆయన చూడడనుకుంటున్నారా?

హనోకు సంగతీ అంతే. దేవునికి ఇష్టుడై ఉన్నాడని హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం సాక్ష్యం చెప్పిన మనిషి. ఆదికాండం ఐదో అధ్యాయం తీసి ఆయన చేసిన గొప్ప పనులేమిటో వెతకండి. మూడు వందల ఏళ్ళు దేవునితో నడిచాడు, కొడుకుల్నీ కూతుళ్ళనూ కన్నాడు, అంతే ఉంటుంది. నోవహులా ఓడ కట్టలేదు, మోషేలా సముద్రం చీల్చలేదు. పిల్లల్ని పెంచుకుంటూ నడిచాడు. హెబ్రీ పత్రికలో ఆ సాక్ష్యం తర్వాతి వచనమే మన గుళ్ళలో ఎప్పుడూ వినిపించేది: "విశ్వాసములేకుండ దేవునికి ఇష్టుడైయుండుట అసాధ్యము." దీన్ని చాలామంది బెత్తంలా వాడతారు. మీ సిస్టర్ కూడా అలాగే వాడినట్టుంది. యోబు కష్టాల్లో ఉంటే అతని స్నేహితులు కూడా ఇలాగే కూర్చుని కారణాలు చెప్పారు, చివరికి దేవుడు ఆ స్నేహితుల మీదే కోప్పడ్డాడు. నాకు మాత్రం ఆ వచనం బెత్తంలా అనిపించదు, దానిలో ఊరటే కనిపిస్తుంది. పిల్ల తన చెయ్యి పట్టుకుంటే తండ్రికి ఇష్టం. పిల్ల చేతిలో ఏముందన్నది తర్వాతి సంగతి.

ఇక విశ్వాసం అంటే ఏమిటి? ఈ మాట మనకు ఆదివారం చీరలా అయిపోయింది, గుడికి వెళ్ళేటప్పుడే కడతాం. మన తెలుగులో ఇంతకంటే దగ్గరి మాట ఒకటుంది. 37వ కీర్తన ఐదో వచనం చూడండి: "నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము, నీవు ఆయనను నమ్ముకొనుము, ఆయన నీ కార్యము నెరవేర్చును." నమ్ముము అని లేదు, నమ్ముకొనుము అని ఉంది. నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. పేపర్లో వార్త నమ్ముతాం. నేలను నమ్ముకుంటాం. మీరు ఆ కొట్టును నమ్ముకుని బతుకుతున్నారు. అంటే ఆ కొట్టు ఎప్పుడూ బాగా నడుస్తుందని మీకు గ్యారంటీ ఏం లేదు. వానాకాలం బేరం ఉండదు, నూనె ధర పెరుగుతుంది, అయినా పొద్దున్నే వెళ్ళి పొయ్యి వెలిగిస్తారు. రోజూ వెళ్ళడమే నమ్ముకోవడం. ఆ వెలిగించేటప్పుడు మనసులో భయం ఉందా లేదా అని ఎవరూ లెక్క చూడరు.

"అప్పగింపుము" అన్న మాటకూ ఒక సంగతుంది. ఆ వచనం మూలభాష హెబ్రీలో ఉన్న క్రియకు దొర్లించడం అని అర్థం. యాభై కిలోల బియ్యం బస్తా మీ ఒక్కరి వల్ల లేవదు. అయినా ఆటో మీంచి దాన్ని దొర్లించగలరు, కదా? అది ఒకసారి దొర్లిస్తే అయిపోదు. గుమ్మం దగ్గర ఆగుతుంది, మళ్ళీ ఒకసారి నెట్టాలి. పదింటికల్లా బరువు మళ్ళీ మీ దగ్గరే ఉంటే, పొద్దుటి ప్రార్థన అబద్ధమని అర్థం కాదు. బస్తా గుమ్మం దగ్గర ఆగింది. ఇంకోసారి నెట్టండి.

ఇది నా సొంత తెలివితో చెప్పడం లేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు ఏం చేశాడో మత్తయి రాశాడు. "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అని ప్రార్థించి లేచాడు. మనమైతే అక్కడితో సమర్పణ పూర్తయిందని రాసుకుంటాం. ఆయన శిష్యుల దగ్గరికి వచ్చి, వాళ్ళు నిద్రపోతుంటే చూసి, మళ్ళీ వెళ్ళి ప్రార్థించాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని స్పష్టంగా ఉంది. ఒక్క రాత్రిలో, ఒకే బరువు, మూడుసార్లు. చెమట రక్తపు బిందువుల్లా కారిందని లూకా అంటాడు. అక్కడ మీ సిస్టర్ ఉండి ఉంటే ఏమనేదో! (ఈ మాట కొంచెం ఘాటుగా ఉందని మా ఆయన అంటున్నారు. ఉండనివ్వండి.) దేవుని పాదాల దగ్గర పెట్టింది మళ్ళీ మన చేతిలోకి రావడం పాపమైతే, ఆ తోట కథ సువార్తలో ఉండేదే కాదు.

నా సంగతి ఒకటి చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా కొండల్లో ఎంత నష్టం చేసిందో మీకూ తెలుసు. కొండవారన మాకు రెండెకరాల జీడితోట ఉండేది, మామగారు వేసింది. గాలి తగ్గాక చూడ్డానికి వెళ్ళాం. చెట్లు విరిగి ఉంటాయనుకున్నాను. విరగలేదు, వేళ్ళతో సహా లేచి పడుకున్నాయి. నా తల కంటే ఎత్తున గాలిలో వేళ్ళు, వాటి నుంచి ఎర్రమట్టి ముద్దలు ముద్దలుగా ఇంకా జారుతోంది. ఒక వేరు మధ్య మా మామగారు ఎప్పుడో పారేసుకున్న కొడవలి పిడి కనిపించింది. ఎందుకో అది చూసి ఏడుపొచ్చింది, పడిపోయిన చెట్లను చూస్తే రాలేదు.

ఆ ఆదివారం గుళ్ళో నన్ను వాక్యం చదవమన్నారు. హబక్కూకు మూడో అధ్యాయం, అంజూరపు చెట్లు పూయకపోయినా, ఒలీవ చెట్లు కాపు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తానన్న చోటు. చదివాను, గొంతు బాగానే పలికింది. ఇంటికొచ్చి తలుపేసుకుని దేవునితో, "ఇవాళ నువ్వంటే నాకు ఇష్టం లేదు" అన్నాను. అన్నాక భయమేసింది. కానీ ఆ రోజు నేను చేసిన నిజమైన ప్రార్థన అదొక్కటే. 13వ కీర్తనలో దావీదు "ఎంతవరకు" అని నాలుగుసార్లు అడుగుతాడు, ఆ పుస్తకం పక్కన పెట్టుకుని నేనూ అడుగుతూ వచ్చాను. ఆర్నెల్ల దాకా హబక్కూకు మాట నా నోట మళ్ళీ రాలేదు. ఈలోగా అంటు మొక్కలు తెచ్చి నాటాం, రోజూ నీళ్ళు మోశాం. మూడో ఏడు ఒక గంపెడు గింజలు వచ్చాయి. ఒక్క గంప! మామగారి చెట్ల కాపుతో పోలిస్తే నవ్వొస్తుంది. ఆ నీళ్ళ బిందెలు మోసిన రోజుల్లో నాకు దేవుని మీద ప్రేమ పొంగిపొర్లిందని చెప్పను. మోశాను, అంతే. ఇప్పుడు వెనక్కి చూస్తే, ఆయనను నమ్ముకోవడం అంటే ఆ రోజుల్లో బిందె ఎత్తడమే అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, కొంచెం కటువుగా ఉంటుంది. మీరు ఏడాదిగా నాలుగింటికి లేచి దేవునికి చెప్తున్న విషయం ఆయనకు ముందే తెలుసు. తెలియనిది మీ ఆయనకు. "మా ఆయనకు తెలిసేలోపు లోన్ తీరిపోవాలి ప్రభువా" అన్నదే మీ ప్రార్థనలో సగం అని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. పదింటికి మీ నెత్తికెక్కేది అప్పు ఒక్కటే కాదు, దాచడం కూడా. అప్పును దేవునికి అప్పగించవచ్చు. దాచిపెట్టినదాన్ని "నువ్వే దాచిపెట్టు ప్రభువా" అని అప్పగిస్తే ఆయన ఎలా తీసుకుంటాడు? బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చాక, సహోదరునికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు ప్రభువు. కానుక కంటే ఆ నడకే ముందు. మీ ఉపవాసాలు మూడూ ఒక పక్కన పెట్టి ఆ నడక నడవండి.

ఎలా చెప్పాలన్నది మీ ఇంటి సంగతి, అయినా పెద్దదాన్ని కాబట్టి నాకు తోచింది చెప్తాను. కొట్టు దగ్గర చెప్పకండి, పెనం వేడి మీద ఎవరి కోపమైనా రెట్టింపవుతుంది. సోమవారం రాత్రి అసలు వద్దు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కిస్తీ పుస్తకం చేతిలో పెట్టి చెప్పండి. "మన అబ్బాయి చదువు ఆగిపోతుందని భయపడి తీసుకున్నాను, అన్నయ్య ఇచ్చాడని అబద్ధం చెప్పాను, అది తప్పు" అని మూడు ముక్కల్లో. "మీకు కోపమొస్తుందనే చెప్పలేదు" అని మొదలుపెడితే తప్పు ఆయన మీదకు నెట్టినట్టవుతుంది, గొడవ అక్కడే రాజుకుంటుంది. కోపం హద్దు దాటుతుందన్న భయం ఏ మాత్రం ఉన్నా ఒంటరిగా చెప్పకండి. మీ ఆడపడుచునో, ఆయన మాట వినే పెద్దమనిషినో పక్కన కూర్చోబెట్టుకోండి. సమర్పణ అంటే దెబ్బలకు వీపు అప్పగించడం కాదు. మీ అన్నయ్యకూ ముందే ఒక మాట చెప్పండి, పాపం ఆయన పేరు వాడుకున్నారు కదా.

ఆయన రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోతే పోనివ్వండి, ఏం కాదు. తర్వాత ఇద్దరూ కలిసి కూర్చుని ఎన్ని కిస్తీలు మిగిలాయో లెక్క వేయండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో గ్రూపులో చేరొద్దు, అది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

ఉపవాసం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మానేయండి, కనీసం కొన్నాళ్ళు. వేడి పెనం దగ్గర కళ్ళు తిరగడం భక్తి కాదు, ప్రమాదం. ఆసుపత్రికి వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకోండి, షుగరూ చూపించుకోండి. డాక్టరు సరేనన్నాక, ఒంట్లో బలం వచ్చాక, మళ్ళీ చేయాలనిపిస్తే చేయండి, ఎవరో అన్నారని కాదు.

ఇక రోజూ ఏం చేయాలన్నది. మీరు అది ఇప్పటికే చేస్తున్నారు చెల్లెమ్మా, ప్రార్థన గదిలో కాదు, వంటింట్లో. రాత్రి పప్పూ బియ్యమూ రుబ్బి, ఉప్పు వేసి చేత్తో కలిపి, గిన్నె మీద మూత పెట్టి పడుకుంటారు. చలికాలంలో పొంగదని గిన్నెను పొయ్యి వారన జరిపి గోనెపట్టా కప్పుతారు. అంతవరకే మీ పని. గంటకోసారి లేచి మూత తీసి చూస్తారా? చూస్తే ఏమొస్తుంది? మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో విత్తనం చల్లినవాడు రాత్రి నిద్రపోతూ పగలు మేల్కొంటూ ఉంటాడు, విత్తనం ఎలా మొలిచిందో అతనికి తెలియదు. అతను నిద్రపోవడాన్ని ప్రభువు తప్పుగా చెప్పలేదు.

ఒక పని చేయండి. నాలుగింటికి లేవడం మానేసి ఐదింటికి లేవండి, ఆ గంట నిద్ర మీకు అవసరం. ప్రార్థనలో అన్నీ ఏకరువు పెట్టకండి. ఆ రోజుది ఒక్కటే చెప్పండి. మంగళవారమైతే ఆ రోజు కిస్తీ, బుధవారమైతే కూరగాయల బేరం, శనివారమైతే బరంపురంలో ఉన్న పిల్లాడి ఫోను. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆహారంగా ఇచ్చిన మన్నా కూడా ఏ రోజుకారోజే, రేపటికని దాచుకుంటే పురుగు పట్టింది. పదింటికి బరువు మళ్ళీ వచ్చిందా, అట్టు తిరగేస్తూనే "ఇదిగో ప్రభువా, మళ్ళీ వచ్చింది" అనండి చాలు, మోకరించక్కర్లేదు. పదకొండింటికి వస్తే పదకొండింటికీ అనండి. ఎన్నిసార్లన్నారో లెక్కపెట్టకండి. అది ఇంకో కిస్తీ పుస్తకం అవుతుంది.

చివర్లో ఒక చిన్న మాట. పర్లాకిమిడి, గుణుపురం 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వెళ్ళాయి. అప్పటి నుంచి మన ఇళ్ళల్లో ప్రార్థన తెలుగులో, చదువు ఒడియాలో. మీ అమ్మాయికి తెలుగు చదవడం వచ్చో రాదో మీరు రాయలేదు. మా మనవరాలికైతే రాదు. మేమేం చేశామంటే, ఆ 37వ కీర్తన వచనం నేను తెలుగులో చెప్తుంటే తను ఒడియా అక్షరాల్లో రాసుకుంది. "నమ్ముకొనుము" దగ్గర ఆగి, "అమ్మమ్మా, అంటే భొరొసా పెట్టుకోవడమా?" అని అడిగింది. అవునన్నాను. ఆ కాగితం మా వంటింట్లో గిన్నెల బల్ల పైన అంటించి ఉంది, ఒక మూల నూనె మరక పడింది. మీ అమ్మాయి చేత కూడా ఒకటి రాయించండి. మీ ఆయనతో మాట్లాడాక ఏమైందో నాకు రాయండి.